నేను తప్పు చెప్పిన మోటారు

నరసరావుపేటలో నాకు మోటారు వైండింగు షాపు ఉంది. కాలిపోయిన మోటార్లు తెస్తారు, లోపలి పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాను. ఎందుకు కాలిందో చెప్పడం కూడా ఈ పనిలో భాగమే. అందులో ఒకసారి పొరబడ్డాను.

రొంపిచెర్ల వైపు ఒక జిన్నింగు మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లులో, ఇరవై హార్స్‌పవర్ మోటారు కాలిందని పిలిస్తే వెళ్లాను. వార్నిష్ మాడిన వాసన గేటు దాకా కొడుతోంది. ఓనరు స్టార్టరు పెట్టె తెరిచి చూపించాడు. కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే రిలే అందులో ఉంటుంది. ఎన్ని ఆంపియర్లకు ఆపాలో చిన్న మర తిప్పి పెట్టుకోవాలి. ఆ మర చివరిదాకా తిప్పి ఉంది.

"చూశావా, మా ఆపరేటరు నిర్వాకం? పత్తి కుక్కి కుక్కి వదిలాడు. రిలే అడ్డమొస్తందని దీన్ని తిప్పేశాడు. అంతేగదా?" అన్నాడు.

ఆపరేటరు పక్కనే ఉన్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. "అది కాదు తమ్ముడూ, మజ్జాన్నమైతే చాలు, రిలే దానంతటదే పడిపోతా ఉంది..." అని మొదలుపెట్టాడు. సీజను రోజులు, షాపులో కాలు పెట్టడానికి చోటు లేదు. అతని మాట పూర్తికాకముందే మోటారు మూత విప్పి టార్చి వేశాను. లోపల తీగ నల్లగా కనిపించింది.

"ఓవర్‌లోడే" అన్నాను, తూకం వేసేవాళ్లూ గింజలు ఎత్తే ఆడవాళ్లూ వింటుండగా.

ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారని తర్వాత తెలిసింది. నేను రిలే సరిచేసి, మోటారును ఆటోలో వేసుకొచ్చి, పాత తీగ కోసి పారేసి కొత్తది చుట్టి ఇచ్చాను. ఆ పాత తీగ ఎలా కాలిందో కూడా చూడలేదు.

మూడు వారాలు తిరక్కుండానే అదే మోటారు మళ్లీ కాలింది. వెళ్లి చూస్తే రిలే మర మళ్లీ చివర ఉంది. "ఎవరు తిప్పారు?" అని అడిగితే కొత్త ఆపరేటరు ఓనరు వంక చూశాడు.

"నేనే తిప్పమన్నా. మాటిమాటికీ పడిపోతంటే పని నడవొద్దా?" అన్నాడు ఓనరు.

"అప్పుడు తిప్పమన్నది కూడా నువ్వేనా బాబాయ్?"

ఆయన స్టార్టరు పెట్టె మూత వేసి పక్కకు జరిగాడు.

ఈసారి మోటారును అక్కడే విప్పి, ఎండలోకి లాగి చూశాను. మూడు ఫేజుల మోటారులో తీగ మూడు జట్లుగా చుట్టి ఉంటుంది. లోడు ఎక్కువై కాలితే మూడు జట్లూ ఒకేలా మాడతాయి. ఇక్కడ ఒక జట్టు బొగ్గయింది. మిగతా రెండూ నేను చుట్టిననాటి రంగులోనే ఉన్నాయి. అంటే నడుస్తుండగా ఎక్కడో ఒక ఫేజు తెగిపోయింది. మిగిలిన రెండు ఫేజుల మీదే మోటారు లోడంతా ఈడ్చింది, ఆ రెంటి మధ్య ఉన్న జట్టు మీదే భారమంతా పడి మాడింది. ఓవర్‌లోడు కానే కాదు.

మర్నాడు పొద్దున్నే షాపులో ఉన్న వేరే మోటారు తెచ్చి బిగించాను. మీటరు పెట్టి చూస్తే మూడు తీగల్లోనూ కరెంటు ఇరవై నాలుగు ఆంపియర్ల చొప్పున, సమానంగా ఉంది. "అంతా బానే ఉంది గదయ్యా" అన్నాడు ఓనరు. నేను స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నాను. పదకొండు గంటలకు ఒక తీగలో ఇరవైకి తగ్గింది. మధ్యాహ్నం దాటాక అదే తీగలో పన్నెండు ఆంపియర్లే, మిగతా రెంటిలో ముప్పై పైన. మోటారు గొంతు మారింది, రోకలి ఎత్తలేక మూలిగే మనిషిలా.

ఆపేశాను. స్టార్టరుకు వచ్చే మూడు తీగలనూ ఒక్కో స్థానం పక్కకు జరిపి బిగించాను. మూడూ కలిపి జరిపితే మోటారు తిరిగే దిక్కు మారదు. లోపం మోటారులో ఉంటే తక్కువ కరెంటు పాత స్థానంలోనే ఉండాలి. మళ్లీ నడిపి చూస్తే అది బయటి తీగతోపాటు జరిగింది. అంటే మోటారు మంచిదే, వచ్చే కరెంటులో తేడా.

మెయిన్ ఆపించి, కేబులు వెంట నడిచాను. గింజల బస్తాల వెనక, గోడ వారగా ఒక అతుకు దొరికింది. అల్యూమినియం తీగకు రాగి తీగను మెలేసి టేపు చుట్టారు. టేపు కరిగి కారింది. లోపల తెల్లటి బూడిద. చల్లగా ఉన్నప్పుడు అతుకు అంటుకుని ఉంటుంది, నాలుగు గంటలు కరెంటు పారి వేడెక్కితే వదులవుతుంది. ఆ ముక్క కోసి జేబులో వేసుకుని, అతుకు లేని కొత్త కేబులు వేయించాను.

మరుసటి రోజు పాత ఆపరేటరు ఇంటికి వెళ్లాను. అతని భార్య గుమ్మంలోనే నిలబెట్టింది.

"మా ఆయన మోటారు కాల్చాడని చెప్పింది నువ్వేనా?"

"నేనే వదినా."

ఆపరేటరు మిరప చేలో కూలికి బయల్దేరుతున్నాడు. ఆ ముక్క అతని చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. అటూ ఇటూ తిప్పి, బూడిదను గోటితో గీకి చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు చివరికి. "దీనికి చానా మాటలు పడ్డా తమ్ముడూ."

"తప్పు నాదే అన్నా."

"ఇక్కడ నాకు చెబితే ఏం లాభం? ఆ రోజు ఎవరి ముందు అన్నావో వాళ్ల ముందు చెప్పు."

బండి మీద ఎక్కించుకుని మిల్లుకు తీసుకెళ్లాను. ఆడవాళ్లు గంపలు దించి చుట్టూ చేరారు. "మోటారు ఈయన వల్ల కాల్లేదు, నేను సరిగా చూడకుండా చెప్పాను" అన్నాను. ఓనరు గొంతు సవరించుకుని, "సర్లేవయ్యా, రేపట్నుంచి పన్లోకి రా" అన్నాడు.

"రాను" అన్నాడతను, గొంతు పెంచకుండా. "మీరు తిప్పమంటేనే తిప్పా. నా మీద పడ్డప్పుడు ఆ మాట మీరు చెప్పలా."

గింజలు ఎత్తే ఒకామె, "బాగా అడిగావు అన్నా" అంది పైకే. ఓనరు లోపలికి వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే అతను ముప్పాళ్ళ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరుగా చేరాడు. నేను ఇప్పించిన పని కాదు, తనే వెతుక్కున్నాడు. ఈ మధ్య అక్కడ ఒక కంప్రెసర్ మోటారు బేరింగు అరిగితే, విప్పి షాపుకు పట్టుకొచ్చాడు. ఇద్దరం టీ తాగుతూ దాన్ని బాగుచేసుకున్నాం.