ఒక్క నంబరు మీద ఇద్దరన్నదమ్ములు

వరంగల్ స్టేషను అవతలి రైస్ మిల్లులో వీరభద్రం పద్దెనిమిదేళ్లు గుమాస్తాగా చేశాడు. చదివింది ఎనిమిదో తరగతి. చేతిరాత మాత్రం అచ్చు గుద్దినట్టుండేది. సేల్స్ టాక్సు రిటర్నులు, హాజరు పట్టీలు, కూలీల చెల్లింపు కాగితాలు అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. తెలియని రూలు ఎవరైనా అడిగితే తెలియదనే చెప్పేవాడు. నాలుగు రోజులకు ఎక్కడో తెలుసుకుని, అడిగినవాడు మరిచిపోయినా పిలిచి మరీ చెప్పేవాడు. పాత పుస్తకాల బండి మీద కార్మిక చట్టాల మీద ఇంగ్లీషులో ఉన్న రూల్సు పుస్తకం ఒకటి కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు అరపేజీ చదివేవాడు. చదివింది పైకి చెప్పుకునేవాడు. భార్య శారద బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. సగం అర్థమయ్యేది కాదు, అయినా వినేది.

డెబ్బై అయిదులో మిల్లులో మనుషులు ఇరవై దాటారు. ఇరవై మంది ఉంటే ప్రావిడెంట్ ఫండు కట్టాలి. కూలీలో రూపాయికి ఆరు పైసల పైచిల్లర పట్టుకుని, యజమాని తనవంతు అంతే కలిపి నెలనెలా పంపాలి. మనిషి పోతే ఆ సొమ్ము ఇంటివాళ్లకు వస్తుంది, భార్యకు నెలకింత పింఛను కూడా. మిల్లు యజమాని మల్లికార్జున్ సేటు ముగ్గురు నలుగురి పేర్లు పట్టీలోంచి తీసెయ్యమన్నాడు.

"తీసేస్త సేటూ. ఇన్‌స్పెక్టరు అచ్చిననాడు వాళ్లను ఏ గోనెసంచిల దాస్తరో అది గూడ చెప్పున్రి" అన్నాడు వీరభద్రం. సేటు నవ్వి, కట్టెయ్యమన్నాడు.

ఆ మిల్లులో బస్తాలెత్తే పనికి ములుగు దిక్కునుంచి ఇద్దరన్నదమ్ములు వచ్చేవారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే కొలువు. నాట్లకూ కోతలకూ ఒకడు ఊళ్లో ఉంటే ఇంకొకడు మిల్లులో ఉండేవాడు. పట్టీలో పేరు పెద్దవాడిది, రాయమల్లు. తమ్ముడు కొమురెల్లి వచ్చిన నెలల్లో రాయమల్లూ అని పిలిస్తే అతనే పలికేవాడు. బస్తా లేచిందా లేదా అన్నదే సేటుకు కావాలి. వీరభద్రానికీ అది అలవాటైపోయింది.

ఫండు ఫారాలు నింపిన రోజు ఇరవై మూడు మంది వరసలో కూర్చున్నారు. మర్నాడే పంపాలి. రాయమల్లు అని పిలిస్తే కొమురెల్లి వచ్చి కూర్చున్నాడు. మనిషి పోతే సొమ్ము ఎవరికి చేరాలో రాయడానికి భార్య పేరు అడిగితే బక్కమ్మ అన్నాడు. అది అతని భార్య పేరు. వీరభద్రం తల ఎత్తకుండా రాసుకుని, వేలిముద్ర వేయించుకుని, తర్వాతివాణ్ని పిలిచాడు.

ఏడేళ్లు గడిచాయి. ఎనభై రెండు వానకాలంలో రాయమల్లు కామెర్లతో పోయాడు. నెల మాసికం అయ్యాక అతని భార్య మల్లక్క ఇద్దరు పిల్లలతో మిల్లుకు వచ్చింది. వెంట కొమురెల్లి, బక్కమ్మ. పొలం ఎకరం లోపే, దాని మీద అప్పటికే అప్పు. ఫండు మీదే ఆమె ఆశ. వీరభద్రం దస్త్రం విప్పి చూశాడు. కాగితంలో రాయమల్లు భార్యగా బక్కమ్మ పేరుందని దాచకుండా చెప్పాడు.

మిల్లు మేస్త్రీ మొగిలయ్య సులువైన దారి చెప్పాడు. బక్కమ్మే రాయమల్లు భార్యనని వేలిముద్ర వేస్తే సరి, హైదరాబాదు ఆఫీసులో ఎవరి మొహం ఎవరికి తెలుసు, పైసలు వచ్చాక మల్లక్క చేతిలో పెట్టొచ్చు అన్నాడు. కొమురెల్లి దానికీ సిద్ధమే. కాయితం మీద తాను సచ్చినట్టయితే ఏం పోతుందన్నాడు. బక్కమ్మ నుదుటి బొట్టు కొంగుతో తుడవబోయింది. మల్లక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు చెల్లె. నా బొట్టు పోయింది సాలదా? పానమున్న మొగన్ని నువ్వెందుకు కాయితం మీద సంపుకుంటవ్?"

"పిల్లలకు బువ్వెట్లనే అక్కా?"

"ఎట్లనో అట్ల. ఆ ముద్ర మాత్రం వెయ్యకు."

వీరభద్రం నాలుగు రోజుల గడువు అడిగాడు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఆయనకు ఆ పుస్తకమే పని. మూడో రోజు ఒకచోట వేలు పెట్టి శారదను పిలిచాడు. భార్యాపిల్లలు ఉండగా బయటివాళ్ల పేరు రాస్తే ఆ రాత చెల్లదట, సొమ్ము భార్యాపిల్లలకే పోతుందట. తమ్ముడి భార్య కుటుంబం కిందికి రాదు. అంటే అబద్ధం అక్కర్లేదు. ఆ రోజు ఎదురుగా కూర్చున్నది ఎవరో నిజం రాస్తే చాలు. కాని ఆ నిజం రాయాల్సింది తానే.

వీరభద్రం రాసి తెచ్చిన కాగితం సేటు చదివి పక్కన పెట్టాడు.

"ఒక్క పేరు మీద ఇద్దరు చేసిన్రంటే ఇంకెందరున్నరని అడుగుతరు. తప్పు నీదని రాస్కో, సంతకం పెడ్త. మల్ల నువ్వు ఈడ ఉండుడు కష్టం భద్రం."

"రాస్త సేటూ."

మనిషిని పోల్చుకోకుండా రాసిన పొరపాటు పూర్తిగా తనదేనని రాశాడు. పట్వారీ దగ్గర కుటుంబ ధ్రువపత్రం తెచ్చాడు. ప్యాసింజరు బండిలో మూడుసార్లు హైదరాబాదు పోయొచ్చాడు. ఆ నెలాఖరుకు మిల్లు మానేసి, బజారులో దుకాణాలవాళ్లకు రిటర్నులు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. వచ్చేది సగమైంది. శారద పాలు పోయించుకోవడం మానేసింది, ఎందుకని ఆయనా అడగలేదు. మిల్లులో కొమురెల్లికి తన పేరు మీదే కొత్త ఫండు నంబరు ఇచ్చారు. ఏడేళ్లలో అతను మోసిన సగం ఏ లెక్కలోకీ రాలేదు.

పదకొండు నెలలకు సొమ్ము వచ్చింది, చిన్న పింఛనూ మంజూరైంది. మల్లక్క, బక్కమ్మ కలిసి హనుమకొండలో వీరభద్రం ఇంటికి వచ్చారు. పింఛను తానుంచుకుని, ఒకేసారి వచ్చిన సొమ్ములో సగం చెల్లెకు ఇచ్చానని మల్లక్క చెప్పింది. రూలు ప్రకారం అదంతా ఆమెదేనని, పిల్లలున్నారని, ఇవ్వనవసరం లేదని వీరభద్రం ఓపికగా వివరించాడు.

"రూలుకు రాయమల్లు ఒక్కడే సారూ. బస్తాలు మోసింది ఇద్దరు గద" అంది మల్లక్క.

శారద చాయ్ ఇచ్చింది. తాగి, ములుగు బస్సుకు టైమైందని యారాళ్లిద్దరూ లేచారు.