పురి సచ్చిన తాడు

మొన్న చీపురుపల్లిలో ఒక పాత కిరాణా కొట్టుకి బెల్లం కోసం వెళితే, కొట్టు యజమాని, నా ఈడువాడే, ప్లాస్టిక్ సంచి కోసం వెతికి వెతికి విసుగెత్తి, కాగితంలో పొట్లం కట్టి పైన పురికొస చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి ముడి విప్పుతుంటే నా వేళ్ళు వాటంతట అవే ఆ దారాన్ని వెనక్కి మెలితిప్పాయి. అలా పురి విప్పి వదిలితే మంచి దారం మళ్ళీ తనంతట తాను చుట్టుకుంటుంది. ఈ పరీక్ష నాకు నేర్పినవాడు మా బావ. ఆయన పోయి ఈ వేసవికి ఏడాది.

బావ అంటే మా అక్క భర్త. కుర్రతనంలో నెల్లిమర్ల జనపనార మిల్లులో దారం వడికే మరల దగ్గర పనిచేసి, తరవాత వైమానిక దళంలో చేరాడు. సముద్రం ఒడ్డున యుద్ధవిమానాలు దిగే ఒక చోట, రన్‌వే చివర అడ్డంగా కట్టే వలని చూసుకోవడం ఆయన పని. బ్రేకులు పట్టని విమానం హద్దు దాటిపోకుండా ఆ వలలోకి వచ్చి ఆగాలి. పైలటు ప్రాణం ఆ నైలాను తాళ్ళ మీదే ఉండేది. నేనేమో బి.ఎస్సీ. చదివి, ఎక్కడో ఉత్తరాదిన, ఆ వలల గురించి దళానికి సలహా చెప్పే శాస్త్రవేత్తగారి ఆఫీసులో అసిస్టెంటుగా కుదురుకున్నాను.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో విమానానికి సంబంధించినదేదైనా పైదేశం నుంచి రావలసిందేనని అందరి నమ్మకం. మన వల మనమే చేసుకోగలమని మా సలహాదారుగారు ఏళ్ళ తరబడి పోట్లాడి సాధించారు. భుజాల మీద పట్టీలున్న అధికార్లు బల్ల చుట్టూ కూర్చుని, చెప్పులు బల్ల కింద వదిలేసి పెన్సిలు నమిలే ఆ బక్కమనిషి ఔననేదాకా ఆగేవారు. ఏది కొనాలో, ఏది ఇక్కడే చెయ్యాలో, ఏది ఇంకో ఏడాది వాడవచ్చో ఆయన రాసే రెండు వాక్యాల మీదే తేలేది. గోదావరి వైపు మనిషి. ఆయనకొక అలవాటుండేది. పైవాళ్ళు నున్నగా రాసి పంపిన కాగితాన్ని నమ్మేవారు కాదు, వస్తువు మీద చెయ్యి పెట్టి పనిచేసేవాడు ఏమన్నాడో అది వాడి మాటల్లోనే వినాలనేవారు.

ఒక ఏడు ఇద్దరం సెలవుకి ఊరొచ్చినప్పుడు బావ నన్ను పెరట్లోకి పిలిచి, వల నుంచి ఊడిన పోగు ఒకటి జేబులోంచి తీసి మెలితిప్పి వదిలాడు. అది చుట్టుకోలేదు.

"పురి సచ్చిపోనాదిరా. ఎండా, ఉప్పుగాలీ తినేసినాయి. పైకి సూడ్డానికి బాగానే ఉన్నాది. మావోళ్ళకి సెప్తే ఇన్నారు కాదు, మీ పెద్దాయనకి నువ్వు సెప్పు" అన్నాడు. చెబుతానన్నాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నోరుజారి "సూడండి" అన్నానని ఆఫీసులోని మిగతా తెలుగువాళ్ళు నెలల తరబడి నన్ను సూడండిగారూ అనే పిలిచారు. అప్పట్నించీ నాలుకకి కాపలా కాసుకుంటూ పుస్తకాల్లో మాటలే మాట్లాడేవాణ్ణి. తాళ్ళు మార్చాలా, ఇంకో ఏడాది ఉంచాలా అని తేల్చే రోజున వాళ్ళందరూ ఆ గదిలోనే ఉన్నారు. సలహాదారుగారు నావైపు తిరిగి, "ఏవయ్యా, మీ బావ ఆ వల దగ్గరే కదా ఉండేది, ఏమన్నా అన్నాడా? ఎలా అన్నాడో అలాగే చెప్పు" అన్నారు.

సచ్చిపోనాదనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. చచ్చిపోయిందని అయినా అనవచ్చును, కాని తాడు చావడమేమిటని నవ్వుతారేమోననిపించింది. "తాళ్ళు కొంచెం వదులైనాయన్నాడండి" అన్నాను. ఆయన తలూపి, బిగించి ఇంకో ఏడాది వాడవచ్చునని రాశారు. వదులైన తాడుని బిగిస్తే నిలుస్తుంది, పురి చచ్చిన తాడుని బిగిస్తే తెగుతుంది. నెల్లిమర్లలో మిల్లు గేటు దగ్గర బీడీలమ్మేవాడికి కూడా తెలిసిన ఈ సంగతి నాకు తెలియదా? తెలిసే ఊరుకున్నాను.

వానలకి ముందు ఒక విమానం ఆ వలలోకి వచ్చింది. వల తెగింది. పైలటు నడుం విరిగి బతికాడు గాని మళ్ళీ ఎగరలేదు. తెగి వెనక్కి కొట్టిన తాడుకి బావ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది, దారం పట్టుకుంటే దాని మంచిచెడ్డా చెప్పే చెయ్యి. విచారణలో సలహాదారుగారు తప్పు తనదేనని రాసిచ్చి పదవి వదిలి వెళ్ళిపోయారు. అసిస్టెంటు నాకిలా చెప్పాడని ఒక్క ముక్క రాయలేదు. మన వల మూలపడింది, మళ్ళీ పైదేశం వలలే కొన్నారు. నేను మాత్రం ఉద్యోగంలోనే ఉండి, మెట్లెక్కి, పింఛను పుచ్చుకుని విజయనగరం చేరాను.

బావ ఉన్నన్నాళ్ళూ ఆ మహానుభావుణ్ణి తిడుతూనే ఉన్నాడు. "నువ్వు సెప్పినావు, ఆడే ఇన్నాడు కాదు. పెద్ద సదువులోడికి మన మాటేటి లెక్క" అనేవాడు, ఎడంచేత్తో అన్నం కలుపుకుంటూ. నేను తలవంచుకుని తినేవాణ్ణి. సలహాదారుగారు పోయిన వార్త పేపర్లో ఒక మూల చూసి, ఇవాళైనా చెప్పేద్దామని నెల్లిమర్ల వెళ్ళాను. వార్త వినగానే బావ, పీడా పోనాదన్నాడు. నేను తలూపి, భోంచేసి వచ్చేశాను. నా జన్మలో అంత పిరికి పని మరొకటి లేదు.

ఇప్పుడు తాడులో సత్తువ ఎంత మిగిలిందో చెప్పే మరలు వచ్చాయట, ఎవరి నోటిమాటా అక్కర్లేదట. మా యాస సినిమాల్లోకి ఎక్కింది. నా మనవరాలు విశాఖపట్నంలో ఆఫీసులో అందరి ముందూ సూడండి సార్ అంటుందట, ఎవరూ నవ్వరట. ఆ మాట ఎంతో గొప్పగా చెప్పింది. సంతోషించవలసిన వాణ్ణి, వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఆ బెల్లం పొట్లం మీది పురికొస మెలితిప్పి వదిలితే చుట్టుకోలేదు. కొట్టులో ఎన్నేళ్ళుగా పడి ఉందో. పురి సచ్చిపోనాది, అన్నాను పైకే, బావ అన్నట్టే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. వినవలసిన వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు.