శుక్రవారం సంగతి డాక్టరుగారికి చెప్పలేదు

మొదటిసారి తేడాగా అనిపించింది ఒక శుక్రవారం, నాలుగో పీరియడ్‌లో. పదో తరగతికి బోర్డు మీద గుండె బొమ్మ వేస్తున్నాను. కుడి కర్ణిక వేసి ఎడమ కర్ణిక మొదలుపెట్టబోతే చెయ్యి పైకి లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. లేవమంటే లేవలేదు, అంతే. ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకుని ఎలాగో పూర్తి చేశాను. ముందు బెంచీలోని అమ్మాయి, "టీచర్‌గారూ, గుండె ఒక పక్కకి ఒరిగిపోయిందండి" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నేను రాజోలు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. వయసు నలభై ఆరు. మా వారు కరెంటు లైన్‌మన్. ఇంట్లో మాతో పాటు మా అత్తయ్యగారు ఉంటారు. వంటిల్లు ఇప్పటికీ ఆవిడదే. నాకు గరిటె అప్పగించే ఉద్దేశం ఆవిడకు లేదు, తీసుకునే తొందర నాకూ లేదు.

కొన్ని నెలలు వయసు మీద నెట్టేశాను. నలభై దాటిన ఆడవాళ్లకు ఏ జబ్బు వచ్చినా ముందు వయసునే తిడతాం కదా. తర్వాత కనురెప్పలు వాలడం మొదలైంది. సాయంత్రం పేపర్లు దిద్దాలంటే తల వెనక్కి వాల్చి, రెప్పల కింద నుంచి చూడాల్సి వచ్చేది. "ఏమ్మా, పేపర్లు దిద్దుతున్నావా, దూలాలు లెక్కపెడుతున్నావా?" అనేవారు అత్తయ్యగారు. పై అంతస్తులో ఉన్న క్లాసుకు వెళ్లాలంటే మెట్ల మధ్యలో ఆగి, ఫోన్ చూస్తున్నట్టు నటించేదాన్ని.

అమలాపురంలో రక్తపరీక్షలు చేశారు. థైరాయిడ్ నార్మల్, షుగర్ నార్మల్. విటమిన్ బిళ్లలు ఇచ్చారు. తగ్గకపోయేసరికి కాకినాడలో ఒక న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ నెమ్మదస్తురాలు. నా కళ్లలోకి టార్చ్ వేసి, చేతులు ముందుకు చాపించి, కుర్చీలోంచి పదిసార్లు లేపి కూర్చోబెట్టి, "మయస్తీనియా గ్రేవిస్ అనుమానమండి, కండరాలు తొందరగా అలిసిపోయే జబ్బు" అన్నారు. యాంటీబాడీ టెస్ట్ నెగటివ్ వచ్చింది. అయినా కొందరికి అలా వస్తుందని మందు మొదలుపెట్టారు. రెండు నెలలు వాడితే కడుపులో మెలితిప్పడం తప్ప ఏమీ జరగలేదు.

ఆవిడ ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగేవారు. "ఏ రోజైనా ఎక్కువ, ఏ రోజైనా తక్కువ ఉంటుందాండి?"

"లేదండి, అన్ని రోజులూ ఒకేలా ఉంటుందండి" అనేదాన్ని.

అది అబద్ధం. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది. ఉద్యోగం వచ్చిన ఏడాది నేనొక మొక్కు మొక్కుకున్నాను, ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటానని. గురువారం రాత్రి భోంచేస్తే మళ్లీ శుక్రవారం రాత్రికే. ఇరవై ఏళ్లలో ఒక్కటి కూడా తప్పలేదు. ఉపవాసం దేవుడికీ మనకూ మధ్య సంగతి, బయటికి చెప్పుకుంటే దాని విలువ పోతుందని మేమంతా సండే స్కూల్లో నేర్చుకున్నవాళ్లం. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు తిరగాలి. స్టాఫ్‌రూములో క్యారేజీలు విప్పే టైముకి నేను లైబ్రరీలో సర్దుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కునేదాన్ని. వంటిల్లు ఆవిడది కాబట్టి అత్తయ్యగారికి తెలుసు. ఆవిడా నోరు విప్పలేదు.

చెయ్యి లేవనిది శుక్రవారాలే. మెట్లెక్కలేనిది శుక్రవారాలూ శనివారాలూ. ఆ లెక్క నాకు లీలగా తెలుసు. ప్రాక్టికల్స్ రికార్డులో ఒక్క పరిశీలన రాయకపోతే పిల్లల మార్కులు కోసే టీచర్ని, నా ఒంటి మీద పరిశీలనను మాత్రం దాచేశాను. పైగా దాన్ని పరీక్షగా తీసుకుని ఇంకా ఎక్కువ చేశాను. ఆ ఏడాది ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమల కాలం నలభై రోజులూ స్వస్థత కోసం ఒక్కపూట భోజనంతో ఉన్నాను.

గుడ్ ఫ్రైడే రోజు చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. మూడు గంటలకు చివరి పాటకి అందరూ లేచారు. నేను లేవలేకపోయాను. మెడ ముందుకు వాలిపోయింది, వాంతి అయింది, ఊపిరి బరువైంది. మా వారు ఎత్తుకుని కారులో పడుకోబెట్టారట. అమలాపురంలో గ్లూకోజ్ పెట్టి కాకినాడ పంపించారు.

అక్కడ డాక్టరుగారు, "పొద్దున్న ఏం తిన్నారండి?" అని అడిగారు. నేను కళ్లు మూసుకున్నాను. తలవైపు నిలబడ్డ అత్తయ్యగారు ఒక్క క్షణం నన్ను చూసి, చెప్పేశారు.

"ఏమీ తినలేదండి. నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ప్రతి శుక్రవారం ఇంతేనండి, ఇరవై ఏళ్లబట్టి. ఈ నలభై రోజులూ ఒంటిపూటేనండి. చెప్పకూడదనుకున్నాం గానీ, మనిషి పోతుంటే ఇంకా దాచేదేంటండి."

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెన్ను బల్ల మీద పెట్టి, "ఇదే నేను ఆర్నెల్లుగా అడుగుతున్నదండి" అన్నారు.

ఆ తర్వాత దారి మారింది. రక్తంలో లాక్టేట్ చూశారు, ఎక్కువ వచ్చింది. తొడలోంచి చిన్న ముక్క తీసి మజిల్ బయాప్సీకి పంపారు. రాగెడ్ రెడ్ ఫైబర్స్, అంటే అంచులు చిరిగినట్టున్న ఎర్రటి కండరపోగులు, అని రిపోర్ట్. జెనెటిక్ టెస్ట్ ఫలితం రావడానికి వారాలు పట్టింది. చివరికి మైటోకాండ్రియల్ మయోపతీ అని తేల్చారు.

"మైటోకాండ్రియా అంటే మీకు నేను చెప్పక్కర్లేదు కదండీ" అన్నారు డాక్టరుగారు.

"కణ శక్త్యాగారాలండి" అన్నాను. ఏటేటా ఒక మార్కు ప్రశ్నగా ఇచ్చేదాన్ని. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మా వారు గంభీరంగా, "అంటే లో వోల్టేజీ అన్నమాటండి" అన్నారు. దాదాపు అంతేనని డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఈ జబ్బుకి పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కోఎంజైమ్ క్యూ10, రైబోఫ్లేవిన్ బిళ్లలు రాశారు. ఏటా గుండెకు ఈసీజీ తీయించుకోవాలి. రోజూ కొద్దికొద్దిగా నడవాలి. జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, కడుపు ఎప్పుడూ ఖాళీగా ఉంచకూడదు. "ఉపవాసం వల్ల జబ్బు రాలేదండి. ఉన్న జబ్బుకి ఉపవాసం పడదు" అని రెండుసార్లు చెప్పారు. నాకు ఎక్కిందో లేదోనని.

ఇంటికొచ్చాక నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ఆయన కోసం చేసిందే నన్ను పడేసిందా అని వారం రోజులు ప్రార్థన చేయలేదు. శుక్రవారం పొద్దున్న అత్తయ్యగారు ఇడ్లీ ప్లేటు తెచ్చి నా ముందు పెడితే పక్కకు నెట్టాను. ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నీ శుక్రవారాలు నాకిచ్చెయ్యమ్మా. నేనుంటాను. నాకు డెబ్బై దాటినా షుగరూ లేదు, బీపీ లేదు. నువ్వు తిను."

"ఒకరి మొక్కు ఇంకొకరు తీరుస్తారాండీ?"

"ఆయ్. కోడలి మొక్కు అత్త తీర్చకూడదని ఎక్కడైనా రాసుందా?"

నేను తిన్నాను. ఇరవై ఏళ్ల తర్వాత శుక్రవారం పొద్దున్న తిన్న మొదటి ఇడ్లీ అది. ఏడుస్తూనే తిన్నాను.

ఇక మా వారి వంతు. వోల్టేజీ తగ్గితే పెంచే సామాను ఉండాలి కదా అని ఆయన ఫోన్ పట్టుకున్నారు. మైటోకాండ్రియాకి నేరుగా చేరే పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీన్ ముక్కలు, వచ్చాయని, ముసలితనం వెనక్కి పోతుందని వీడియోల మీద వీడియోలు. నాకు చెప్పకుండా రెండు సీసాలు తెప్పించారు. ఇంజక్షన్ చేయడానికి కాంపౌండర్‌ని కూడా మాట్లాడేశారు. ఫ్రిజ్‌లో కోడిగుడ్ల పక్కన పెట్టారు. సీసా అడుగున చిటికెడు తెల్లటి పొడి. స్టిక్కర్ మీద పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. మళ్లీ బోర్డు పైవరకూ చెయ్యి ఎత్తగలిగితే చాలనిపించింది. అప్పటికప్పుడే ఇంజక్షన్ చేయించేసుకుందునేమో. కానీ ఒకసారి దాచి ఏం తెచ్చుకున్నానో గుర్తొచ్చింది. సీసాలు రెండూ ఐసు డబ్బాలో పెట్టుకుని తర్వాతి రివ్యూకి కాకినాడ పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను.

డాక్టరుగారు స్టిక్కర్ చదివి కళ్లద్దాలు తీశారు. "పెప్టైడ్ల మాట అబద్ధం కాదండి. మైటోకాండ్రియా లోపలి పొరకి చేరి దాన్ని నిలబెట్టేలా కొన్ని తయారుచేసేరు. ఒకదానికి విదేశంలో, వేరే అరుదైన జబ్బుకి అనుమతి కూడా వచ్చింది. మీలాంటి కండరాల జబ్బులో ట్రయల్ చేసేరు గానీ, ఆశించినంత ఫలితం కనపడలేదు. పరిశోధన ఆగలేదు. వయసు తగ్గించే సంగతంటారా, అదింకా చాలావరకు ఎలకల దగ్గరే ఉందండి." తర్వాత మా వారి వైపు తిరిగి, "ఈ సీసాలో ఏముందో నాకు తెలియదు. అమ్మినాయనకి తెలుసో లేదో కూడా తెలియదు. పేరు లేని డబ్బాలో నూనె మీ ట్రాన్స్‌ఫార్మర్లో పోస్తారాండి?" అన్నారు.

"పొయ్యనండి" అన్నారాయన, తల వంచుకుని.

కాకినాడ నుంచి తిరిగి బయల్దేరాం. గోదావరి వంతెన దాటాక, "నేనేదో చెయ్యాలనుకున్నాను, సునీతా" అన్నారు. ఆ మాటకి ఆయన మీద కోపం పోయింది. ఎదురుగా స్తంభం, చేతిలో వైరు ఉంటే ఎంత చీకటినైనా సరిచేసే మనిషి, నా విషయంలో చేతులు కట్టుకు కూర్చోవడం ఆయనకు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. మా హెడ్‌మాస్టరుగారు నా క్లాసులన్నీ కిందికి మార్చారు. నేను బోర్డు సగం నుంచి కిందికి రాస్తాను. పై సగం పిల్లలు రాస్తారు. గుండె బొమ్మలో కర్ణికలు వాళ్లవి, జఠరికలు నావి. ఇప్పుడు ఏ గుండే ఒరగడం లేదు. రెప్పలు కొంచెం వాలే ఉంటాయి. రోజూ సాయంత్రం కాలవగట్టు మీద మా వారితో నడుస్తాను. పర్సులో బిస్కట్లు, ఈ జబ్బుకి వాడకూడని మందుల పేర్లు రాసిన కార్డు ఉంటాయి. ఆ పెప్టైడ్ల సంగతి ప్రతి రివ్యూలోనూ అడుగుతాను. ఏదో ఒక రోజు ఆవిడ "ఇప్పుడు వాడొచ్చండి" అంటారని ఆశ ఉంది. ఆ రోజు రాకపోయినా, ఇవాళ్టి రోజుకు నేను కృతజ్ఞురాలినే.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. డాక్టరు అడిగినా మనం చెప్పకపోతే వాళ్లేం చేస్తారు? ఉపవాసమైనా, నాటుమందైనా, ఫోన్‌లో చూసి తెప్పించిన సీసా అయినా, మీరు ఒంటికి చేస్తున్నదంతా చెప్పండి. దేవుడి కోసం చేస్తున్నది ముందు చెప్పండి.

మొన్న శుక్రవారం ప్లేటు ముందు పెట్టుకుని నేను ఇంకా కొంచెం తటపటాయిస్తుంటే, ఎదురుగా ఖాళీ కడుపుతో కూర్చున్న అత్తయ్యగారు విసుక్కున్నారు.

"తినమ్మా. దేవుడికి నేను చెప్పుకుంటాను. నువ్వు డాక్టరుగారికి చెప్పు."