ఖుమలో డబ్బాలో జావ

1996లో చెరకు కోతలు మొదలయ్యే ముందు నన్ను దక్షిణాఫ్రికాలో ఉమ్‌కోమాస్ దగ్గరి ఒక తోటకు మెడికల్ ఆఫీసరుగా వేశారు. కాకినాడ నుంచి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. కోత కూలీలను పరీక్షించి, ఒక్కొక్కరి కార్డు మీద 'అర్హుడు' అనో 'అనర్హుడు' అనో రాయడం నా పని. అనర్హుడంటే ఆ సీజనుకు కత్తి పట్టే వీల్లేదు.

ఖుమలో అనే కూలీ పది రోజుల్లో రెండుసార్లు చాళ్ల మధ్య కుప్పకూలాడు. ఇంకోసారి పడితే పంపించేస్తానని ఇండూనా, అంటే కూలీల మేస్త్రీ, తెగేసి చెప్పాడు. ఇంట్లో ఏడుగురికి ఖుమలో పనే ఆధారం. గుండె చూశాను, రక్తం చూశాను, ఏ లోపమూ కనబడలేదు. తాగి వస్తున్నాడేమోనని కూడా అనుమానించాను. ఏం తింటావని అడిగితే అందరూ తినేదేనన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. 'అనర్హుడు' అని రాయడానికి కలం తీశాను.

అప్పుడే టీ తెచ్చిన అప్పలమ్మగారు ఆ కార్డు చూశారు. ఆవిడ కూలీల వంటశాల పెద్ద. తాత విశాఖ వైపు నుంచి ఒప్పంద కూలీగా వచ్చాడట. మాట్లాడేది ఇంగ్లీషే, మందలించాలంటే మాత్రం తెలుగు.

"డాక్టర్ బాబూ, రత్తం చూసినావు. ఆడి డబ్బా చూసినావా?"

రోజూ తెల్లవారుజామున ఆవిడ ప్రతి కూలీకీ డబ్బాలో మహేవు పోసి ఇచ్చేవారు. మొక్కజొన్న పిండిని పులియబెట్టిన పల్చటి జావ అది. ఆవిడ నోట అది తరవాణే. డబ్బాలు కడిగేదీ ఆవిడే. ఖుమలో పడిపోయిన రెండు రోజులూ అతని డబ్బా నిండుగా తిరిగొచ్చిందట.

"లైన్ ఫినిష్ అయినాకే తాగుతాడు. ఆగితే ఎనకపడతాడని బయ్యం."

నాకు తల కొట్టేసినంత పనైంది. తిన్న పిండి చక్కెరగా మారి, కొంత కాలేయంలో, కొంత కండరాల్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. రాత్రి గడిచేసరికి కాలేయంలోది చాలావరకు ఖర్చయిపోతుంది. కొవ్వు ఎంత ఉన్నా నిదానంగానే మండుతుంది. వేటు వెంట వేటు పడాలంటే చక్కెర కావాలి. అది అడుగంటితే చేతులు వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. అతను పడగానే తోటివాళ్లు తీపి టీ పట్టించేవారు, అందుకే నా పరీక్షల్లో ఏమీ దొరకలేదు. మెడికల్ కాలేజీలో ఈ పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆవిడ డబ్బాలు కడుగుతూ పట్టేశారు. అప్పుడు ఆవిడ మీద కలిగిన గౌరవం ఈనాటికీ తగ్గలేదు.

పనికి ముందు సగం, నడుమ సగం తాగమని ఖుమలోకు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. మర్నాడు అప్పలమ్మగారే చాళ్ల దాకా నడిచి వెళ్లి, అతను తాగేదాకా ఎదురుగా నిలబడ్డారు. మూడు వారాలు చూశాను. ఒక్కసారి కూడా పడలేదు, వరసలోనూ వెనకబడలేదు.

కార్డు మీద 'అర్హుడు' అని రాశాను. కారణం కనిపెట్టింది ఎవరో చెప్పే గడిలో ఆవిడ పేరు వేశాను. వంటమనిషి పేరు కొట్టేయమని పైఅధికారి అన్నారు. నేను కొట్టేయలేదు. ఆ తర్వాత ఉద్యోగమున్నన్నాళ్లూ, ఏం తిన్నావని మాత్రమే అడిగి ఏ మనిషినీ వదల్లేదు. ఎప్పుడు తిన్నావని కూడా అడిగాను.