నేను కత్తిరించిన కాగితాల వాన

మా అన్న ఒక సినిమా హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. హనుమకొండ చౌరస్తా దగ్గర మా నాన్న కిరాణా దుకాణం, దాని వెనకే మా ఇల్లు. సంఘం ఆఫీసు అంటే మా ఇంటి ముందరి అరుగు. సంఘం కార్ఖానా అంటే మా వెనక గది. ఈ రెండో మాటను మా అన్న ఇప్పటికీ ఒప్పుకోడు. అందుకే ముందే రాసేస్తున్నాను.

ఎనభైల మొదట్లో కొత్త సినిమా విడుదలైన రోజు ఎలా ఉండేదో ఆ కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు. తెర మీద హీరో కనిపించగానే కుర్రాళ్లు గుప్పిళ్లకొద్దీ కాగితం ముక్కలు గాల్లోకి విసిరేవారు. అవి ఎక్కడి నుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. మా ఇంటి నుంచి వచ్చేవి. నాన్న పొట్లాలు కట్టడానికి కొనే పాత పేపర్లలోంచి అన్న ఒక కట్ట మాయం చేసేవాడు. నేనూ, మా గల్లీలోని ఆడపిల్లలూ వెనక గదిలో కూర్చుని వాటిని కత్తిరించేవాళ్లం.

అందరూ చింపడం అంటారు. చింపకూడదు. చింపితే ముక్క అంచు ముడుచుకుని రాయిలా కింద పడుతుంది. కత్తెరతో కోస్తే గాలికి తిరుగుతుంది. సన్నగా, పొడుగ్గా కోస్తే ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. మేడ మీద నుంచి ఒక్కొక్కటీ వదిలి చూసి నేను ఈ సంగతి కనిపెట్టాను. మిగిలిపోయిన పతంగుల కాగితం దొరికితే ఎరుపూ పచ్చా కూడా కలిపేదాన్ని. అన్నీ దిండు గలీబులో నింపి ఇస్తే, అన్న దాన్ని భుజాన వేసుకుని రాజులా వెళ్లేవాడు.

అవి హాల్లో ఎగరడం మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మొదటి రోజు ఆడపిల్లలు వెళ్లే రోజు కాదు. అమ్మకు తీరిక దొరికితే మూడో వారంలో ఏదో మధ్యాహ్నం మ్యాట్నీకి వెళ్లేవాళ్లం. అప్పటికి హాలంతా ఊడ్చేసి ఉండేది. ఒకసారి మాత్రం కుర్చీ సందులో ఒక ముక్క ఇరుక్కుని కనిపించింది. దాని మీద సగం వంటనూనె ప్రకటన ఉంది. అంచు చూడగానే నేను కోసిందేనని తెలిసిపోయింది. సినిమా చూస్తున్నంతసేపూ దాన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే మా అరుగు మీదికి ఒక పరిశోధకుడు వచ్చాడు. వర్ధన్నపేట వైపు రైతు కుటుంబం. సుబేదారిలో గది అద్దెకు తీసుకుని విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చదువుతున్నాడు. సినిమా హీరోలంటే యువతకు ఎందుకింత పిచ్చి అన్నది ఆయన పరిశోధన. అది విని మా నాన్న త్రాసు పక్కన పెట్టి, "మా పోరడు ఖరాబైతాండని నేనేడుస్తాన్న. దాని మీద గూడ పట్టా ఇస్తరా?" అని ఆశ్చర్యపోయాడు.

పరిశోధకుడు అరుగు మీద కూర్చున్నాడు. నేను చాయ్ గ్లాసులు అందించి తలుపు వెనక నిలబడ్డాను.

"తమ్మీ, మీరు గా పేపర్లు ఎందుకు ఎగరేస్తరు?" అని అడిగాడు.

"ప్రేమ సార్. మా హీరో కనవడంగనే చేతులు ఆగయి," అన్నాడు అన్న.

"మరి గన్ని పేపర్లు ఎవరు చింపుతరు?"

"మా పోరగాండ్లే సార్. నిద్రలు గాసి చింపుతరు."

నేను ఆగలేకపోయాను. "అబ్బో! ఏ పోరడు? ఒక్కని పేరు చెప్పు చూద్దాం!" అని లోపలి నుంచే అరిచాను.

"మా చెల్లె సార్. జర నోరెక్కువ," అన్నాడు అన్న.

పరిశోధకుడు తలుపు వైపు తిరిగి నవ్వాడు. "చాయ్ మంచిగుంది చెల్లె," అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. నేను చాయ్ గురించా మాట్లాడింది?

తర్వాతి ప్రశ్న, ఇంట్లో ఆడవాళ్లు కూడా సినిమాలు చూస్తారా అని. "చూస్తరు సార్. కానీ వాళ్లది అభిమానం గాదు. ఏడ్వనీకి పోతరు, ఏడ్సి ఒస్తరు," అన్నాడు అన్న. పరిశోధకుడు తల ఊపి అదంతా రాసుకున్నాడు. తలుపు సందులోంచి నేను కళ్లారా చూశాను.

కొన్ని నెలలకు ఆయన మొహం వేలాడేసుకుని మళ్లీ వచ్చాడు. ఆయన రాసినంత వరకు యూనివర్సిటీలో గైడు చదివి, హాల్లో లేడీస్ క్లాసు కూడా ఉంటుంది కదా, వాళ్లేరీ అని అడిగాడట. వాళ్లు లేకుండా థీసిస్ ముందుకు కదలదన్నాడట. ఇప్పుడైనా నన్ను పిలుస్తాడనుకున్నాను. ఆయన అన్న పక్కన సర్దుకుని కూర్చుని, "తమ్మీ, మీ చెల్లెకు ఆ హీరో అంటే ఎందుకిష్టం?" అని అడిగాడు.

అన్న గడ్డం గోక్కున్నాడు. "మా చెల్లెకా? డ్యాన్సులకు సార్."

నాకు ఆ హీరో డ్యాన్సులు అస్సలు నచ్చవు. అతను కోపం వస్తే అరవడు. నిన్ను మర్చిపోనురా అన్నట్టు ఎదుటివాణ్ని ఒక చూపు చూస్తాడు. నాకు నచ్చేది అది. చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి అరుగు మీదికి వచ్చాను.

"సారూ, నేను గీడనే ఉన్న. బతికే ఉన్న. నన్నడగచ్చు గద?"

ఆయన లేచి నిలబడ్డాడు. "అయ్యో, గట్ల గాదు చెల్లె. కూసో, నువ్వే చెప్పు."

"ఇప్పుడు చెప్ప. కొత్త సినిమా వస్తాంది గద. మొదటి రోజు మార్నింగ్ షోకు నేను పోవాలె. పేపర్లు ఎగురుడు సూడాలె. సూసినంక ఎన్నడిగితే అన్ని చెప్త."

అన్న ఎగిరిపడ్డాడు. "నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా? ఆడ విజిల్సు, తొక్కులాట. అధ్యక్షుని చెల్లె లైన్ల నిలవడితే మా సంఘం ఇజ్జత్ ఏంగావాలె?"

"మీ సంఘం ఇజ్జత్ వెనక అర్రల ఉన్నది. కత్తెర గూడ ఆడనే ఉన్నది. పోయి నువ్వే కోసుకో," అన్నాను.

పరిశోధకుడు అన్న చెయ్యి పట్టుకున్నాడు. "తమ్మీ, జర ఒప్పుకోరాదే. నా థీసిస్ ఆగిపోతది."

ఇంతలో అమ్మ బయటికి వచ్చింది. నాకు తిట్లు ఖాయమనుకున్నాం అందరం. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "దానెంట నేన్గూడ పోత," అంది.

"నువ్వెందుకే అమ్మా?" అని అన్న బిత్తరపోయాడు.

"మూడో వారం పోతే రీలంత గీతలేనాయె. ఎండాకాలం సీన్ల గూడ వాన పడ్డట్టే కనవడతాంది. ఒక్కపారి మంచిగ సూస్తే నీదేం పోతది?"

నాన్నకు మాత్రం ఎవరూ చెప్పలేదు. పేపర్ల కట్టల సంగతి మాత్రం ఏనాడు చెప్పాం గనక.

ఆ రోజు మగవాళ్ల లైను రోడ్డు మీదికి పాకింది. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతున్నారు. లేడీస్ లైనులో మేము కాక కూరగాయలమ్మే ఒకామె, ఆమె కోడలు. అంతే. తాపీగా టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లాం. మాదీ మగవాళ్లదీ మధ్య ఛాతీ ఎత్తు గోడ. అవతల ముందు వరుసల్లో అన్న బృందం, వాళ్ల వెనకే పరిశోధకుడు. నేను రంగు కాగితాలతో ఒక చిన్న సంచి కొంగు కింద దాచుకుని తెచ్చాను.

హాల్లో చీకటి పడింది. తెర మీద ఇంకా పేర్లే పడుతున్నాయి. హీరో పేరు కనిపించిందో లేదో, అన్న బృందం గలీబు మొత్తం బోర్లించేసింది. అది కూడా విడదీయకుండా, పిండి ముద్దలు విసిరినట్టు! అవి పోయి ముందువాళ్ల నెత్తి మీద దబదబ పడ్డాయి. ఇన్ని సినిమాలకు నేను వేళ్లు నొప్పి పుట్టేలా కోసింది ఇందుకా? "ఇడదీసి ఎయ్యుండ్రిరా!" అని లేచి అరిచాను. ఆ గోలలో ఎవడు వింటాడు?

కాసేపటికి హీరో వచ్చాడు. హాలు లేచి నిలబడింది. కుర్రాళ్లు ఖాళీ గలీబును దులుపుతున్నారు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "ఏం జూస్తానవ్? మన సంచి తియ్యే," అంది. నేను ముక్కల్ని వేళ్ల మధ్య వదులు చేసి పైకి విసిరాను. అమ్మా విసిరింది. కూరగాయలామె సంచిలో చెయ్యి పెట్టి తనూ ఇన్ని తీసుకుంది.

ఫ్యాన్ల గాలి వాటిని అందుకుంది. ప్రొజెక్టరు వెలుగులోకి వెళ్లిన ముక్కలు ఒక్కసారిగా నిప్పంటుకున్నట్టు మెరిశాయి. ఎర్రవి, పచ్చవి, అక్షరాలున్నవి. కింద పడాలన్న తొందర ఒక్కదానికీ లేదు. నేను తెర వైపు చూడనేలేదు. హీరో మొదటి డైలాగు ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. కూరగాయలామె రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసిన విజిల్ మాత్రం తెలుసు. గోడ అవతల పరిశోధకుడు నిలబడి మా వైపే చూస్తున్నాడు. వెనక నుంచి "కూసో సారూ! మాకు తెర కనవడాలెనా వద్దా?" అని ఒకటే కేకలు.

మాట ప్రకారం మర్నాడు అరుగు మీద కూర్చుని అడిగినవన్నీ చెప్పాను. ముందు పేర్లప్పుడే విసరడం గురించి, తర్వాత ముద్దల గురించి, ఆ తర్వాత డ్యాన్సుల గురించి. ఆయన చాయ్ చల్లారేదాకా రాస్తూనే ఉన్నాడు. అన్న మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు.

తర్వాత ఆయనకు పట్టా వచ్చింది. స్వీట్ల డబ్బా తెచ్చి మా అన్న చేతిలో పెట్టాడు. నా గురించి ఏం రాశావు సారూ అని నిలదీశాను. థీసిస్ తెరిచి ఒక పేజీ చూపించి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. మగపిల్లలు అభిమానులట. ఆడపిల్లలు పరోక్ష భాగస్వాములట.

"పరోక్షం అంటే?"

"అంటే... కంటికి కనవడకుంట."

"నువ్వు నిలవడి మరీ సూస్తివి గద సారూ!"

"సూసిన చెల్లె. కాకపోతే థీసిస్ భాష గట్లనే ఉంటది," అని నసిగాడు. నేను స్వీటు ముట్టలేదు. నా వంతు అమ్మ తినేసింది.

కొన్నాళ్లకు ఆ హీరోదే ఇంకో సినిమా వచ్చింది. అన్న వెనక గదిలో పేపర్ల కట్ట పడేసి, అటూ ఇటూ తిరిగి వచ్చి చూశాడు. కట్ట అలాగే ఉంది. నేనూ, గల్లీ ఆడపిల్లలూ దాని చుట్టూ కూర్చుని పల్లీలు తింటున్నాం.

"ఏందే, ఇంక సురువు చెయ్యలే?"

"టికెట్లు తెచ్చినవా?"

"ఏం టికెట్లు?"

"మొదటి రోజుయి. గీడ ఉన్నోళ్లందరికి. అమ్మకు గూడ."

అన్న గొణిగాడు, గుమ్మాన్ని తన్నాడు, అమ్మకు చెప్పుకున్నాడు. అమ్మ తనకు ఫ్యాన్ కింది సీటు కావాలంది. చివరికి తలొంచుకుని బయటికి నడిచాడు. టికెట్లు నా చేతికి వచ్చాకే కత్తెర తీశాను.

విడుదల రోజు హాల్లోకి వెళ్లే లేడీస్ లైను గేటు దాకా వచ్చింది. అందరికంటే ముందు అమ్మ. అన్న తన మనుషులతో మా పక్క నుంచే వెళ్తూ, మేమెవరో ఎరగనట్టు మొహం అటు తిప్పుకున్నాడు. నేను అదీ మర్చిపోలేదు.