కాలర్ పెద్దమ్మకి పాలొచ్చిన కథ

“అది సరేగానీ, ఆ ప్యూను లోపలికెళ్లి ఏం చేస్తాడే? నిన్న సరిగ్గా అక్కడికొచ్చేసరికి నీ కూతురు లేచి రాగం ఎత్తుకుంది.”

కాలర్ పెద్దమ్మ అలా అడుగుతూనే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, పిచ్చుక ఒళ్లోంచి పసిదాన్ని అందుకుంది.

ముందు వీళ్లెవరో చెప్పేస్తాను, లేకపోతే నన్ను తిట్టుకుంటారు. పెద్దమ్మ ఉద్యోగమంతా స్కూలు యూనిఫారాలు కుట్టే కంపెనీలోనే గడిచింది. అక్కడ చేతులు కుట్టేవాళ్లు వేరు, జేబులు కుట్టేవాళ్లు వేరు. ఈవిడ వంతు కాలర్లు. ఇప్పటికీ ఎవరైనా ఎదురొస్తే మొహం తరవాత, ముందు కాలరే చూస్తుంది. పిచ్చుక ఆవిడ చెల్లెలి కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని ఆ పేరు పెట్టింది. ఆ గుప్పెడు పిల్లే ఇప్పుడు కాలేజీలో బయాలజీ చెప్తోంది. పిల్లలు కలగలేదు. మొన్నామధ్య ఓ పసిగుడ్డుని దత్తత తెచ్చుకుంది. తెచ్చుకున్న దగ్గర్నుంచీ ఒకటే పట్టుదల, పిల్లకి తన పాలే పట్టాలని.

కడుపే పండకుండా పాలేంటని నవ్వకండి. కొందరికి వస్తాయి. డాక్టరమ్మ మాత్రలిచ్చింది, పాలు లాగే మిషనూ ఇచ్చింది. వారాలు గడుస్తున్నాయి, చుక్క లేదు.

“ప్యూను లోపలికెళ్లి పని మొదలుపెట్టిస్తాడు పెద్దమ్మా,” అంది పిచ్చుక నీరసంగా.

“ఇలా చెప్తే నీ క్లాసులో పిల్లలు గుర్రుపెడతారు. సరిగ్గా చెప్పు.”

“సరే, కణం ఒక బడి అనుకో. మధ్యలో హెడ్మాస్టర్ గది. ఆ గదిలో ఒళ్లంతటికీ కావలసిన పాఠాలన్నీ ఉంటాయి. వాటినే జీన్లంటాం. ఏ కణంలో చూసినా అవే పాఠాలు. పాలు తయారుచేసే పాఠం నీ మోకాలి చిప్పలో కూడా ఉంది.”

“మోకాల్లోనా! దానికి నొప్పి తప్ప ఇంకేం రాదనుకున్నానే.”

పిచ్చుక నవ్వలేదు. “ఉంటుంది, కానీ అక్కడ ఎవరూ చదవరు. చుట్టచుట్టి మూల పడేసి ఉంటుంది. రొమ్ములో కూడా మామూలు రోజుల్లో అంతే, మూగగా పడుంటుంది. బిడ్డ నోటితో లాగితే మెదడు కిందున్న గ్రంథి ఓ హార్మోన్ని పంపుతుంది. దాన్ని లోపలికి రానివ్వరు, గేటు తట్టడమే దాని పని. తడితే లోపల ఊరికే కూర్చున్న ప్యూన్లు లేస్తారు. తలా ఓ బ్యాడ్జీ తగిలించుకుని, ఇద్దరిద్దరు జతకట్టి హెడ్మాస్టర్ గదిలోకెళ్తారు. అన్ని పాఠాల్లోనూ వెతికి పాల పాఠం దగ్గర కూర్చుంటారు. అప్పుడు చదివేవాళ్లు వస్తారు. చదివితేనే పాలు. ఆ ప్యూన్లనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటాం.”

“ప్యూను ఉద్యోగానికి అంత పేరా! మా సూపర్‌వైజర్‌కి కూడా లేదే.”

“నా ప్యూన్లు మాత్రం లేవట్లేదు.” పిచ్చుక పాలు లాగే మిషన్ని పక్కకి నెట్టింది. “నాకు పాలిచ్చేనాటికే నీకు ఓ కాన్పయింది కాబట్టి పాలగదులు ముందే కట్టి ఉన్నాయి. నాకు ఈ మాత్రలతో ఇప్పుడు కట్టాలి. అదంతా నాకు తెలుసు, రోజూ చెప్పే పాఠమే. అయినా పొద్దున అమ్మ వచ్చి, మా అక్కకి అన్నేళ్ల తరవాత కూడా ధారగా వచ్చాయి, నీకూ వస్తాయిలే అంటుంటే... ఈ పిల్లకి నేను అమ్మని కానని నా ఒంటికి కూడా తెలిసిపోయిందేమో పెద్దమ్మా. రెండ్రోజులుగా దాన్ని ఎత్తుకోవాలంటేనే భయంగా ఉంది.”

పెద్దమ్మ పసిదాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. పాల సంగతి అటుంచండి, పిల్లే దూరమైపోతోంది!

పిచ్చుక పుట్టినప్పుడు పెద్దమ్మ వాళ్లది సైకిల్ షాపు మీద రెండు గదుల ఇల్లు. చెల్లెలికి కాన్పవగానే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మందులు ఘాటైనవి, పాలివ్వద్దన్నారు, బిడ్డని దూరంగా ఉంచమన్నారు. పిచ్చుక సీసా నోట పెడితే చాలు ఉమ్మేసేది. ఆసుపత్రిలో ఓ లావుపాటి నర్సు ఉండేది, నవ్వితే మంచాలు కదిలేవి. “మీరు ఓసారి కన్నారుగా, పెట్టి చూడండమ్మా,” అంది. పెద్దమ్మ కొడుక్కి అప్పటికే గొంతు మారుతోంది! సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

అయినా పెట్టింది. పక్కన పెదనాన్న చెంచాతో డబ్బా పాలు పైనుంచి చుక్కచుక్కగా జార్చేవాడు. ఆ చుక్కల ఆశకే పిచ్చుక వదలకుండా లాగేది. ఆయన చెయ్యి వణికి సగం పాలు పెద్దమ్మ ఒళ్లోకే పోయేవి. “పసిదాని నోరు ఇక్కడండీ, నా మోకాలు కాదు,” అని ఈవిడ విసుక్కునేది. కింద సైకిళ్లకి గాలి కొడుతున్న చప్పుడు, పైన ఆయన నవ్వు. ఆయనా లేడు, ఆ షాపూ లేదు. ఆ చెంచా చప్పుడు మాత్రం పెద్దమ్మకి ఇప్పటికీ వినిపిస్తుంది.

ఓ మధ్యాహ్నం కంపెనీలో కాలర్ తిప్పి కుడుతుంటే, వీధిలో ఎవరి పిల్లో కెవ్వుమంది. ఈవిడ జాకెట్టు తడిసిపోయింది. పక్కావిడ చూసి కేక పెట్టింది. వరసగా మిషన్లన్నీ ఆగిపోయాయి. “కాలరమ్మకి పాలొచ్చాయర్రా!” అని ఒకటే గోల. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి, విషయం తెలిసి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వచ్చిన దారినే పోయాడు.

ఇంతవరకూ చుట్టాలందరికీ తెలిసిన కథే. తెలియని ముక్క పెద్దమ్మ ఇప్పుడు చెప్పింది.

“ధార ఎక్కడిదే, నా మొహం! గ్లాసులో పడితే అడుగు తడిసేది. నువ్వు పెరిగింది చాలావరకు డబ్బా పాలతోనే.”

పిచ్చుక తలెత్తింది. “మరి అమ్మ...”

“ఆసుపత్రి నుంచి వచ్చాక మీ అమ్మ మా ఇంట్లోనే, పక్కగదిలో మంచం పట్టి ఉండేది. గోడవతల నీ గుటకలు విని, అన్నీ నా పాలే అనుకుని నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్లయిందో అప్పటికి. కాదని ఎలా చెప్పను? నేను ఊరుకున్నాను. అది చెప్పుకుంటూ పోయింది. చెప్పినప్పుడల్లా పాలు పెరిగాయి. ఇంకొన్నాళ్లుంటే నేను డెయిరీ పెట్టానని చెప్తుంది.”

పిచ్చుక ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చేసింది.

“అయితే నువ్వు నాకు పాలిచ్చిన అమ్మవి కాదా?”

“నేను ఇచ్చినవి ఇచ్చాను. రానప్పుడు కూడా నిన్ను ఒళ్లోంచి దించలేదు. నీకు పాలొస్తాయో రావో నాకు తెలీదు తల్లీ. రాకపోతే ఆ మోకాలి చిప్పలో పాఠంలాగే ఇదీ చదవకుండా ఉండిపోతుంది, అంతేగా! పిల్ల ఆకలి డబ్బా తీరుస్తుంది. దాన్ని ఎత్తుకోవడానికి మాత్రం నువ్వే ఉండాలి.”

పిచ్చుక చేతులు చాచింది. పెద్దమ్మ పసిదాన్ని ఆ చేతుల్లో పెట్టి, డాక్టరమ్మ చెప్పిన కొలతలో పాలు కలుపుకొచ్చి, చెంచాతో జార్చడం మొదలుపెట్టింది. పసిది పిచ్చుక రొమ్ము వదలకుండా లాగింది. పిచ్చుక భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

మెట్లు దిగుతుంటే పెద్దమ్మకి చెల్లెలు గుర్తొచ్చింది. రేపు పొద్దున్నే మళ్లీ ఆ ధారల కథ పట్టుకుని కూతురింటికి బయల్దేరుతుంది. ఆలోపే ఫోన్ చెయ్యాలి. “గోడవతల నువ్వు విన్న గుటకలు నా పాలవి కావే, చాలావరకు డబ్బావి,” అని చెప్పాలి. ఇన్నేళ్లు ప్రాణంగా చెప్పుకున్న మాట, ఏడుస్తుందేమో. ఏడిస్తే ఫోన్లోనే ఏడవనీ, పిచ్చుక ముందు కాకుండా. ఇంటికెళ్లి కాఫీ కూడా పెట్టుకోకుండా, ముందు ఆ ఫోనే చెయ్యాలి.