చీరాల మీటింగు

ముసురు పట్టిన రోజున పక్కింట్లో ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే చాలామంది కిటికీలు మూసేసుకుంటారు. నేను మాత్రం తెరిచి నిలబడతాను. ఆ వాసన వెంట, వాడరేవు నుంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని మా ఊరొచ్చే వెంకాయమ్మ కనిపిస్తుంది. ఆమె వెనకే పర్చూరు పక్కన మా పల్లె, చర్చి వెనక మా పెంకుటిల్లు, మా నాన్న తాగుడు మానిన ఏడాది వరసగా వచ్చేస్తాయి.

క్రిస్మస్ వెళ్ళగానే మిరప కోతలు ముమ్మరమయ్యేవి. సెలవురోజుల్లో పల్లె పిల్లలం మేమూ అమ్మల వెనకే చేలకు పోయి, కోసినన్ని కాయలు కోసి, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుని ఏడ్చి, గట్టు మీద కూర్చుని చద్దన్నంలో పచ్చిపులుసు కలుపుకు తిని, సాయంత్రానికి కల్లాల పక్కన తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. కల్లాల్లో పరిచిన కాయలు ఎండెక్కేకొద్దీ ఊరు ఊరంతా తుమ్మేది.

నాన్న పేరు దానియేలు. ఎండిన కాయల్ని పెద్ద గోతాల్లో వేసి కాళ్ళతో తొక్కి నింపే పని ఆయనది. ఆదివారం వస్తే చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆయన చెయ్యి పడితే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూడా లేచి చప్పట్లు కొట్టేవాళ్ళు. తాగుడు ముదిరాక ఆ చేతులు వణకడం మొదలైంది. ఒక క్రిస్మస్ ఆరాధనలో, పాట మధ్యలో తాళం తప్పింది. అందుకోవాలని చూశాడు, అందలేదు. డోలక్ పక్కన పెట్టి ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మా ఇంట్లో అరిసెలు ఎవరమూ ముట్టలేదు. అమ్మ మా బట్టలు మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. పొదిలిలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళిపోదామని.

సరిగ్గా ఆ మూట ముందే వెంకాయమ్మ బుట్ట దించింది. అమ్మ అంతవరకు ఎవరికీ చెప్పుకోని సంగతంతా ఆమెకు చెప్పేసింది.

"మా ఆయనా ఇట్టాగే ఉండేవోడు మరియమ్మా," అంది వెంకాయమ్మ. "చీరాల్లో మీటింగుకి పోతన్నాడు. తాగుడు మానేసినోళ్ళే కూర్చుని మాట్లాడుకుంటారంట. ఆదోరం సాయంత్రం, ఏదో బళ్ళో. ఏ బడో నాకు తెలవదు."

మర్నాడు పొద్దున్నే, నాన్న ఇంకా తాగకముందు, అమ్మ అడిగింది. ఆయన తన చేతుల వంక చూసుకుని, "వస్తా," అన్నాడు.

ఆ ఆదివారం అమ్మా నాన్నా నేనూ బస్సెక్కాం. చీరాల బస్టాండు పక్కనే బ్రాందీ షాపు. నాన్న నడక అక్కడ నెమ్మదించింది. అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని దాటించింది.

"ఎవర్నీ అడగమాకే. పరువు పోద్ది," అన్నాడు.

అందుకని అడక్కుండానే వెతికాం. ఒక బడికి తాళం. ఇంకో దాంట్లో పెళ్ళి భోజనాలు. మైకు వినపడిందని పరిగెత్తితే అది ఎన్నికల సభ. పొద్దు వాలుతోంది.

"పదవే, ఇంటికి పోదాం. మనకి రాసిపెట్టి లేదు," అన్నాడు నాన్న.

అప్పుడు అమ్మ బట్టల బజారు నడిమధ్యన ఆగిపోయి, చేలో అవతలి గట్టు మీదున్న మనిషిని కేకేసినట్టు కేకేసింది.

"అయ్యా! తాగుడు మానేసినోళ్ళ మీటింగు ఎక్కడో ఎవరికన్నా తెలుసా? మా ఆయన మానాలనుకుంటన్నాడు!"

బజారంతా తిరిగి చూసింది. ఎవరో నవ్వారు. నాన్న తల దించుకున్నాడు కాని అక్కణ్ణుంచి కదల్లేదు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అది వణుకుతూనే నా చేతిని గట్టిగా పట్టుకుంది.

మెడలో టేపు వేసుకున్న బట్టతల దర్జీ ఒకాయన కుట్టుమిషన్ మీద నుంచి లేచి మా దగ్గరికొచ్చాడు. "రా అన్నా. నేనూ అక్కడికే పోతన్నా," అన్నాడు.

అదొక ప్రైమరీ స్కూలు. చిన్నపిల్లల బల్లల మీద పెద్ద పెద్ద మగవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. అమ్మా నేనూ వరండాలో మిగతా ఆడవాళ్ళ పక్కన చేరాం. ఒకావిడ నా గుప్పిట్లో వేయించిన బఠాణీలు పోసింది. లోపలినుంచి నాన్న గొంతు వినిపించింది.

"నా పేరు దానియేలు. తాగకుండా ఉండటం నాకు చేతకావటం లేదు."

"మాక్కూడా చేతకాలేదు దానియేలూ. కూర్చో," అన్నారెవరో.

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

ఒక్కసారిగా మానితే ఒంటికి ప్రమాదమని, మర్నాడు ఆ దర్జీయే నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వేసవిలో, గోతాల పని జోరుగా ఉన్నప్పుడు, నాన్న మళ్ళీ ఒకసారి తాగాడు. తెల్లారి ఎవరూ చెప్పకుండానే స్నానం చేసి, ఒక్కడే చీరాల బస్సెక్కాడు. ఆ తర్వాత ముట్టలేదు.

ఆ బడి ఇప్పుడు లేదు, అక్కడ షాపులు లేచాయి. వెంకాయమ్మ పోయింది. మా పల్లెకు చేపల బుట్టలు రావడం మానేశాయి, మోటారుసైకిలు మీద ఐస్‌పెట్టెలు వస్తున్నాయి. మీటింగు మాత్రం ఇంకో గదిలోకి మారి నడుస్తూనే ఉంది. మొన్న మా అబ్బాయికి ఇదంతా చెబితే పడీపడీ నవ్వాడు.

"మా తాతయ్యా? ఊరుకో అమ్మా, ఆయన సోడా కూడా తాగడు!"

వాడికి ఆనాటి మనిషి తెలియదు. ఊళ్ళో చాలామంది మరిచిపోయారు కూడా. అలాంటి దానియేలు ఒకడుండేవాడని నలుగురిలో చెప్పుకునేది ఇప్పుడు నాన్న ఒక్కడే. ప్రతి ఆదివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చీరాల వెళ్ళి, కొత్తగా వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని చెబుతున్నాడు.